స్టాకు తగ్గితే దొంగేనా?

(ప్రైవేటు కంపెనీల స్టోర్లు, గోడౌన్లు, షోరూముల్లో పనిచేసే ఉద్యోగుల కోసం తిరుపతిలో జరిగిన న్యాయ అవగాహన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సెలవు వదులుకుని ఇంతమంది వచ్చారంటే ఈ భయం ఎన్ని ఇళ్లలో ఉందో తెలుస్తూనే ఉంది. రేణిగుంట ఫ్యాక్టరీల స్టోర్ కీపర్లున్నారు. శ్రీసిటీ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లు, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు షాపుల సేల్స్ వాళ్లు, కొరియర్ సంచి భుజాన వేసుకుని తిరిగే పిల్లలు, మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు కూడా కనబడుతున్నారు. ఎవరి పని వాళ్లది. కానీ పరాయివాళ్ల సరుకో, పరాయివాళ్ల డబ్బో రోజూ మీ అందరి చేతుల మీదుగానే పోతుంది. ఎప్పుడో ఒకరోజు లెక్క కుదరదు. ఆ రోజు మీ వైపు వేలు చూపిస్తే ఏం చేయాలి? ఈరోజు మనం మాట్లాడుకునేది అదే.

ముందుగా ఒక మాట. లెక్క తగ్గింది అనడం వేరు, నువ్వు కాజేశావు అనడం వేరు. చట్టం ఈ రెండింటినీ వేరువేరుగానే చూస్తుంది. ఆఫీసులో, స్టేషన్‌లో మాత్రం రెండూ ఒకటైపోతాయి. ఆ తేడాను జడ్జిగారి ముందు పెట్టే మొదటి అవకాశం ముందస్తు బెయిలు పిటిషన్, అంటే అరెస్టుకు ముందే కోర్టును బెయిలు అడగడం. అందుకే దాన్ని 'అరెస్టు తప్పించుకునే కాగితం' అని నేను అనను.

ఉద్యోగి మీద కంపెనీ కేసు పెడితే సాధారణంగా పడేది నమ్మక ద్రోహం కేసు. పాత ఐపీసీలో 406, 408, 409 అని వినుంటారు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడవన్నీ ఒక్క 316 కిందే ఉన్నాయి. 316(2) మామూలు నమ్మక ద్రోహం, శిక్ష 5 ఏళ్ల దాకా. పాత చట్టంలో ఇది 3 ఏళ్లే. 316(4) గుమాస్తా లేదా నౌకరు చేసిన నమ్మక ద్రోహం, 7 ఏళ్ల దాకా. 316(5) ప్రభుత్వోద్యోగి, బ్యాంకరు, వ్యాపారి, ఏజెంటు చేసినది. దానికి యావజ్జీవం లేదా 10 ఏళ్ల దాకా. ఈ మూడూ నాన్-బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే. మూడూ వారంటు లేకుండా అరెస్టు చేయగలిగినవే. సంఘటన 2024 జూలై 1కి ముందు జరిగుంటే మాత్రం ఇప్పటికీ పాత ఐపీసీ సెక్షన్లే పడతాయి.

ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. ప్రైవేటు కంపెనీలో జీతానికి పనిచేసే స్టోర్ కీపరు, సేల్స్‌మన్, క్యాషియరు మామూలుగా వచ్చేది 316(4)లోకి. కానీ ఫిర్యాదు రాయించేటప్పుడు 'మా ఏజెంటు' అని ఒక ముక్క ఇరికించి 316(5) పడేలా చూస్తారు. ఎందుకు? 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక కట్టడి చేసింది. 7 ఏళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాసుకోవాలి, అవసరం లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. ఒకప్పుడు 41ఎ నోటీసు అనేవాళ్లం. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో అది 35(3) నోటీసు. 316(4) సరిగ్గా 7 ఏళ్ల దగ్గర ఆగుతుంది కాబట్టి ఆ రక్షణ ఉంటుంది. 316(5) వేస్తే ఆ రక్షణ జారిపోతుంది. ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క అంకె మారితే మనిషి రాత్రికి ఇంట్లో పడుకుంటాడా, సబ్ జైల్లోనా అన్నదే మారిపోతుంది. అందుకే ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే నేను మొదట చూసేది సెక్షన్ల గడి. బ్యాంకుల్లో, ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 316(5) నిజంగానే వర్తించవచ్చు.

దాంతోపాటు 318(4) కూడా కలిపేస్తారు. అంటే మోసం, పాత 420. మోసమంటే మొదటి రోజు నుంచే దగా చేయాలన్న ఉద్దేశం ఉండాలి. నమ్మక ద్రోహమంటే సక్రమంగా చేతికొచ్చిన సరుకును తర్వాత దుర్బుద్ధితో వాడుకోవడం. ఒకే సంగతి మీద ఈ రెండూ ఒకేసారి నిలవవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ తేల్చి చెప్పింది. ఎఫ్‌ఐఆర్‌లో రెండూ కనబడితే మీ లాయరు గారికి ఈ మాట గుర్తు చేయండి.

ఇక నేను చూసిన ఒక కేసు చెబుతాను. పేరు చెప్పను, ఫ్యాక్టరీ పేరూ చెప్పను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు గోడౌన్. సీజన్లో తోతాపురి లోడ్లు వచ్చి పడుతుంటే రాత్రింబవళ్లు గుజ్జు తీసి, ఎసెప్టిక్ బ్యాగుల్లో నింపి, ఇనుప డ్రమ్ముల్లో పెట్టి మూత బిగిస్తారు. ఒక్కో డ్రమ్ములో 200 కిలోల పైన గుజ్జు. అవి గోడౌన్లో వరుసల మీద వరుసలు. బ్యాగుకు ఎక్కడో సూది మొనంత చిల్లి పడిందనుకోండి, లోపల గుజ్జు పులుస్తుంది, డ్రమ్ము మూత ఉబ్బుతుంది. గోడౌన్లో పనిచేసినవాళ్లకు ఆ వాసన తెలుసు. క్వాలిటీ సూపర్‌వైజరు వచ్చి చూసి 'ఇది పోయింది, బయట పారబోయించు' అని నోటితో చెప్పి వెళ్లిపోతాడు. దాన్ని కంపెనీ లెక్కల్లోంచి రైట్ ఆఫ్ చేయాలి కదా, అది చేయరు. సీజన్ హడావుడి.

ఆ గోడౌన్ చూసుకునే పిల్లోడి మీద పడిన కేసు ఇది. జాగ్రత్తపరుడు. పారబోసిన ప్రతి డ్రమ్ము నంబరూ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. తేదీ, లాట్ నంబరు, పక్కన సూపర్‌వైజరు పొట్టి సంతకం. కొన్నిచోట్ల సంతకం లేదు, కొన్నిచోట్ల ఉంది. మార్చిలో స్టాక్ చెకింగ్ జరిగింది. కంప్యూటర్లో ఉన్నదానికీ గోడౌన్లో ఉన్నదానికీ 60 డ్రమ్ములు తేడా. సాయంత్రం ఆఫీసుకు పిలిచారు. రాత్రి దాకా కూర్చోబెట్టారు. ఫోను తీసుకున్నారు. 'నేనే అమ్ముకున్నాను, తప్పైపోయింది, తిరిగి కడతాను' అని తెల్లకాగితం మీద రాయించుకున్నారు. రెండు ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేయించుకున్నారు. ఇంటికాడ భార్యకు భోజనానికి ఎందుకు రాలేదో తెలియదు.

మర్నాడు ఫిర్యాదు పడింది. భయపడి ఆ పిల్లోడు ఫోను ఆపేసి వేలూరులో చుట్టాలింటికి పోయాడు. ఆ పరుగే మాకు పెద్ద కష్టమైంది. 'పరారీలో ఉన్నాడు' అని పోలీసులు కోర్టుకు రాశారు. పరారైన వ్యక్తిగా ప్రకటించినవాడికి మామూలుగా ముందస్తు బెయిలు ఇవ్వకూడదని 2012లో లవేష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాడి విషయం అక్కడి దాకా పోలేదు, నోటీసుకు బదులివ్వడానికి వెంటనే పిలిపించాం.

పిటిషన్లో మేం పెట్టింది మూడే మూడు విషయాలు. ఒకటి, ఆ నోటు పుస్తకం పేజీల జిరాక్సులు. రెండు, గోడౌన్ తాళాలు ముగ్గురి దగ్గర ఉండేవన్న సంగతి. మూడు, 60 డ్రమ్ములంటే 12 టన్నుల పైమాటే. లారీ లేకుండా, గేట్ పాస్ లేకుండా, వేబ్రిడ్జి చీటీ లేకుండా, సెక్యూరిటీ రిజిస్టర్లో నమోదు కాకుండా, గేటు కెమెరాకు కనబడకుండా అంత సరుకు బయటికి పోదు. కంపెనీ ఫిర్యాదులో ఒక్క లారీ నంబరు లేదు. కొన్నవాడెవడో లేదు. జడ్జిగారు ఫైలు తిప్పి ప్రాసిక్యూటర్‌ను ఆ ప్రశ్నే అడిగారు. షరతులతో ముందస్తు బెయిలు వచ్చింది.

ఆ ఒప్పుకోలు కాగితం అడ్డం రాలేదా అంటారేమో. వచ్చింది. పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని చాలామందికి తెలుసు. మేనేజరు పోలీసు కాదు కదా. మేనేజరుకు రాసిచ్చింది కోర్టు బయటి ఒప్పుకోలు అవుతుంది. బలహీనమైన సాక్ష్యమే, అయినా సాక్ష్యమే. బలవంతంగా రాయించారని చెప్పుకోవాలంటే ఆ సంగతి వెంటనే ఎవరికో తెలియాలి. అందుకని మీకు నేను చెప్పేదేమంటే, అట్లాంటి గదిలోంచి బయటపడ్డ ఆ రాత్రే, తెల్లారేలోపే, జరిగింది జరిగినట్టు రాసి కంపెనీ హెచ్‌ఆర్‌కు, ఎండీకి ఈ-మెయిలు పంపండి. మర్నాడు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. ఖాళీ చెక్కులిచ్చి ఉంటే వాటి నంబర్లు అందులో రాయండి, బ్యాంకుకూ తెలియజేయండి. లేకపోతే కొన్ని నెలలకు చెక్ బౌన్స్ కేసు ఇంకోటి వస్తుంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఈ గది వ్యవహారమే. షార్టేజ్ వచ్చిన యజమాని బాధ నిజమైనది. గాంధీ రోడ్డులో చిన్న షాపు పెట్టుకున్నవాడికి సరుకు పోతే వాడి ఇల్లు గడవదు. ఫిర్యాదు చేసే హక్కు వాడికి పూర్తిగా ఉంది. మనిషిని గదిలో కూర్చోబెట్టి, ఫోను లాక్కుని, భార్యను నగలు తెమ్మనే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అక్రమ నిర్బంధం దానికదే నేరం.

ఇక ముందస్తు బెయిలు అసలు సంగతి. 1898 నాటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది లేదు. పలుకుబడి ఉన్నవాళ్లు పోటీదార్లను పరువు తీయడానికీ, కొన్నాళ్లు జైల్లో పెట్టించడానికీ అబద్ధపు కేసులు పెట్టిస్తున్నారని లా కమిషన్ 1969 నాటి 41వ నివేదికలో చెప్పింది. 1973 కోడ్‌లో సెక్షన్ 438గా వచ్చింది. ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 482. గుర్‌బక్ష్ సింగ్ సిబ్బియా కేసులో 1980లో రాజ్యాంగ ధర్మాసనం దీని స్వరూపం చెప్పింది. ఎఫ్‌ఐఆర్ పడేదాకా ఆగక్కర్లేదు. అరెస్టు చేస్తారని నమ్మడానికి కారణం ఉంటే చాలు. కానీ ఆ కారణం నిర్దిష్టంగా ఉండాలి. 'నా మీద ఏదో ఒక కేసు పెడతారేమో, ఏం పెట్టినా అరెస్టు చేయొద్దు' అంటే కుదరదు.

ఇది ఎన్నాళ్లు ఉంటుంది? చాలాకాలం గందరగోళం నడిచింది. 2020 జనవరిలో సుశీలా అగర్వాల్ కేసులో అయిదుగురు జడ్జిలు తేల్చారు. మామూలుగా దీనికి గడువు పెట్టక్కర్లేదు, విచారణ ముగిసేదాకా కొనసాగవచ్చు. ప్రత్యేక కారణాలుంటే కోర్టు గడువు పెట్టవచ్చు. ఛార్జిషీటు వేయగానే పోయేది కాదు.

పిటిషన్ ఎక్కడ వేయాలి? సెషన్స్ కోర్టుకూ అధికారం ఉంది, హైకోర్టుకూ ఉంది. ముందు సెషన్స్‌కు పోవడమే ఆనవాయితీ, మీ జేబుకూ అదే మంచిది. అక్కడ కాదంటే 2019 జనవరి 1 నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది. ఒక సంగతి మాత్రం మరిచిపోవద్దు. పిటిషన్ వేసినంత మాత్రాన అరెస్టు ఆగదు. ప్రాసిక్యూటర్ సీడీ ఫైలు, అంటే పోలీసుల కేసు డైరీ, తెప్పించుకోవడానికి వాయిదా అడుగుతారు. ఆ వాయిదాకీ ఈ వాయిదాకీ మధ్యలో పట్టుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. అందుకే మొదటి రోజే, తేలేదాకా అరెస్టు చేయవద్దని మధ్యంతర ఉత్తర్వు అడగాలి. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి విచక్షణ. అడగకపోవడం మాత్రం మన లోపం.

ఎఫ్‌ఐఆర్ కాపీ కోసం స్టేషన్ చుట్టూ తిరగనక్కర్లేదు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏపీ పోలీసు సైట్లో దొరుకుతుంది. స్టేషన్ పేరు, నంబరు ఉంటే చాలు.

ఇప్పుడు మన ప్రాంతానికి సంబంధించిన విషయం. చిత్తూరు నుంచి అటు చూస్తే తమిళనాడు, ఇటు చూస్తే కర్ణాటక. మన పిల్లలు శ్రీపెరుంబుదూరులో, హోసూరులో, బెంగళూరులో పనిచేస్తారు. ఇక్కడ తిరుపతి బ్రాంచిలో పనిచేసినా కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉంటుంది, ఫిర్యాదు అక్కడే పెడతారు. ఒకరోజు పొద్దున తమిళ పోలీసులు కొర్లగుంటలోనో కరకంబాడిలోనో ఇంటి ముందు దిగుతారు. ఇంట్లోవాళ్లకు ఆ భాష రాదు. అప్పుడు ఏ కోర్టుకు పోవాలి?

2023 నవంబర్‌లో ప్రియా ఇందోరియా కేసులో సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. ఎఫ్‌ఐఆర్ వేరే రాష్ట్రంలో పడినా, మీరు నివసించే చోటి సెషన్స్ కోర్టు గానీ హైకోర్టు గానీ పరిమిత కాలానికి మధ్యంతర ముందస్తు బెయిలు ఇవ్వవచ్చు. ఆ గడువులోగా మీరు ఎఫ్‌ఐఆర్ పడిన చోటి కోర్టుకు వెళ్లి అసలు పిటిషన్ వేసుకోవాలి. ఊరికే ఇవ్వరు. మొదట అక్కడి దర్యాప్తు అధికారికీ ప్రాసిక్యూటర్‌కూ నోటీసు వెళ్లాలి. వెంటనే అక్కడికి ఎందుకు పోలేకపోతున్నారో కోర్టుకు నమ్మకం కలగాలి. ఈ ఊరితో మీకు నిజమైన సంబంధం ఉండాలి. మంచి కోర్టు వెతుక్కుంటూ వచ్చారనిపిస్తే కొట్టేస్తారు. రేషన్ కార్డు, ఆధార్, అద్దె కాగితం, పిల్లల స్కూలు రసీదు, ఇట్లాంటివి వెంట తెచ్చుకోండి. ఈ దారి ఉందని తెలియక, చెన్నై లాయరు దొరికేలోపే రిమాండుకు పోయిన పిల్లల్ని చూశాను. అందుకే ఇంత సేపు దీని మీద మాట్లాడుతున్నా.

కోర్టులో ప్రాసిక్యూటర్ వేసే మొదటి బాణం 'సరుకు రికవరీ కావాలి, కస్టడీ లేకుండా కుదరదు' అని. ఈ వాదనలో బలం ఉంది. కస్టడీలో అడిగితే నిజాలు ఎక్కువ బయటికి వస్తాయని 1997లో అనిల్ శర్మ కేసులో సుప్రీంకోర్టే అంది. ఆర్థిక నేరాల్లో ముందస్తు బెయిలు హక్కుగా అడగలేమని 2019లో చిదంబరం కేసులో అంది. దొంగ బిల్లులు, లేని కంపెనీల పేర్లు, రెండేళ్లుగా నడిచిన తంతు, బంధువుల ఖాతాల్లోకి పోయిన డబ్బు, ఇట్లాంటివి ఉంటే ముందస్తు బెయిలు రాకపోవచ్చు. రాదు అని మీ మొహం మీదే చెప్పే లాయరే మీకు మేలు చేసే లాయరు.

కానీ అన్నీ అట్లాంటివి కావు. సిబ్బియా కేసులోనే ఒక మాట ఉంది. ముందస్తు బెయిలు మీద ఉన్నవాడు ఏదైనా చూపించి, దాన్ని బట్టి వస్తువు దొరికితే, ఆ మేరకు అతను కస్టడీలో ఉన్నట్టే భావించవచ్చు. సుశీలా అగర్వాల్ తీర్పు కూడా దాన్నే నిలబెట్టింది. కాబట్టి రికవరీ అన్న ఒక్క మాటతో బెయిలు తలుపు మూసుకుపోదు. ఇంకో సంగతి. మీ కేసులో సాక్ష్యమంతా ఎక్కడుంది? స్టాకు రిజిస్టరు, బిన్ కార్డులు, డెలివరీ చలాన్లు, ఈ-వే బిల్లులు, సాఫ్ట్‌వేర్ లాగిన్లు. అన్నీ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. మిమ్మల్ని లోపల వేస్తే కొత్తగా దొరికేదేంటి? ఈ ప్రశ్నను మీ లాయరు గట్టిగా అడగాలి.

సాఫ్ట్‌వేర్ లాగిన్ అన్నాను కాబట్టి ఇక్కడో మాట. మీ పాస్‌వర్డు షిఫ్టులో అందరికీ చెప్పేస్తారు. బిల్లింగ్ కౌంటరులో రద్దీ, 'నీ ఐడీతో కొట్టేస్తా రా' అంటాడు పక్కవాడు. రేపు ఆ ఐడీ మీద పడిన ప్రతి ఎంట్రీ మీదే. దయచేసి ఆ అలవాటు మానుకోండి. సెలవు పెట్టేటప్పుడు తాళాలు ఎవరికి ఇచ్చారో రాయించుకోండి. కనీసం ఒక వాట్సాప్ మెసేజి పెట్టండి, 'సార్, గోడౌన్ తాళాలు ఫలానా వారికి ఇచ్చాను' అని. ఉద్యోగం మానేసేటప్పుడు సరుకు అప్పగించినట్టు కాగితం లేకుండా బయటికి రావద్దు. కోర్టులో కంపెనీ ముందు రుజువు చేయాల్సింది సరుకు మీకు అప్పగించారని. అప్పగింత రుజువై, మీరు లెక్క చెప్పలేకపోయినా, చెప్పిన లెక్క అబద్ధమని తేలినా, కాజేశారని కోర్టు ఊహించవచ్చు. 1960లో జైకృష్ణదాస్ దేశాయ్ కేసు నుంచి ఇది స్థిరపడిన మాట. అందుకే లెక్క చెప్పగల కాగితం మీ దగ్గర ఉండాలి, కంపెనీ సిస్టంలో మాత్రమే కాదు. సస్పెండ్ చేసిన రోజు మొదట ఆగిపోయేది మీ లాగినే.

డబ్బు సంగతి. 'ఇన్ని లక్షలు డిపాజిట్ చేస్తాం, బెయిలివ్వండి' అని ఆత్రంలో మనవాళ్లే చెప్పేస్తారు. పొలం తాకట్టు పెడతారు. అమ్మ మెడలో గొలుసు అమ్ముతారు. బెయిలు కోర్టు బాకీలు వసూలు చేసే ఏజెంటు కాదని 2021లో దిలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 జూలైలో రమేశ్ కుమార్ కేసులో అదే మళ్లీ చెప్పింది. ముందస్తు బెయిలు కోసం డబ్బు కట్టించే ధోరణి పెరిగిపోతోందని బాధపడింది కూడా. ఒకసారి మీరే కడతామని చెప్పి ఉత్తర్వు తెచ్చుకుంటే తర్వాత వెనక్కి తగ్గడం చాలా కష్టం. కట్టలేకపోతే బెయిలు రద్దుకు పిటిషన్ పడుతుంది. కాబట్టి ఇంట్లోవాళ్లు కంగారులో కోర్టు హాల్లో చేతులెత్తి 'కడతామయ్యా' అనకముందే లాయరుతో కూర్చుని మాట్లాడండి.

బెయిలు వచ్చాక షరతులుంటాయి. పిలిచినప్పుడు దర్యాప్తుకు హాజరు కావాలి, సాక్షులను బెదిరించకూడదు, ఆశపెట్టకూడదు, కోర్టు అనుమతి లేకుండా దేశం వదలకూడదు. ఇవి చట్టంలోనే ఉన్నాయి. వీటికి తోడు జామీన్లు, వారంవారం స్టేషన్‌లో సంతకం, పాస్‌పోర్టు అప్పగించడం కూడా పెట్టవచ్చు. సాక్షులంటే ఎవరు? మీతో టీ తాగే తోటి ఉద్యోగులే. 'అన్నా, నా గురించి మంచిగా చెప్పు' అని ఒక ఫోను కొట్టినా అది సాక్షిని ప్రభావితం చేయడం కింద కంపెనీ కోర్టుకు పట్టుకెళ్తుంది. కేసు నడిచినన్నాళ్లూ ఆ ఫోను చేయొద్దు.

35(3) నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. వెళ్లి హాజరవుతున్నంత కాలం, కారణాలు రాసి పెట్టకుండా మిమ్మల్ని అరెస్టు చేయడానికి లేదు. వాట్సాప్‌లో నోటీసు పంపడం సరైన పద్ధతి కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాగని వాట్సాప్ నోటీసును పక్కన పడేయవద్దు. లాయరుకు చూపించి, లిఖితపూర్వకంగా బదులివ్వండి. వెళ్లేటప్పుడు ఒరిజినల్ కాగితాలు ఇచ్చేయకండి, జిరాక్సులు ఇచ్చి రసీదు అడగండి. ఒకవేళ అరెస్టే జరిగితే, ఎందుకో మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

లాయరు ఫీజు పెట్టుకోలేని వాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 చూడండి. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలకు ఉంది. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉంది. చాలామందికి తెలియనిది, పారిశ్రామిక కార్మికుడికి కూడా ఆ జాబితాలో చోటుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. షోరూముల్లో పనిచేసే అమ్మాయిలకు ఇది గట్టిగా చెబుతున్నాను. నగల షాపులో సాయంత్రం ట్రే లెక్కలో ఒక ఉంగరం తగ్గితే ముందు అనుమానం మీ మీదే పడుతుంది.

చివర్లో కూర్చున్న పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. అడగండి పెద్దాయనా.

(ప్రశ్న: మా మేనల్లుడి మీద కేసుంది సార్. కంపెనీవాళ్లు డబ్బు కట్టేస్తే కేసు వాపసు తీసుకుంటామంటున్నారు. కడితే పోతుందా?)

కట్టగానే పోదండీ. ఎఫ్‌ఐఆర్ పడ్డాక కేసు కంపెనీ చేతిలో ఉండదు. ఏ సెక్షన్ వేశారు? 316(4)నా? అయితే రాజీకి అవకాశం ఉంది. బీఎన్‌ఎస్‌ఎస్ 359 ప్రకారం సరుకు యజమాని ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తే రాజీ పడవచ్చు. లోక్ అదాలత్‌లోనూ పెట్టుకోవచ్చు. 316(5) ఉంటే ఆ రాజీ జాబితాలో లేదు, హైకోర్టుకు పోవాల్సి వస్తుంది. అందుకే ఇందాక అంత సేపు సెక్షన్ గురించి చెప్పాను. నగదు చేతికివ్వద్దు. స్టేషన్‌లో అసలే ఇవ్వద్దు. బ్యాంకు ద్వారా కట్టండి. 'నేరం ఒప్పుకోవడం లేదు, వివాదం ముగించుకోవడానికి మాత్రమే చెల్లిస్తున్నాం' అని ఒప్పందంలో రాయించండి. మీరిచ్చిన ఖాళీ చెక్కులు, ఆ ఒప్పుకోలు కాగితం తిరిగిస్తున్నట్టు కూడా అందులోనే ఉండాలి. కంపెనీ తరఫున సంతకం పెట్టేవాడికి ఆ అధికారం ఉందని బోర్డు తీర్మానమో, అధికార పత్రమో అడిగి జతచేయించండి. బ్రాంచి మేనేజరు సంతకం ఒక్కటే తీసుకుని డబ్బు కట్టి, తర్వాత హెడ్డాఫీసు 'మాకు తెలియదు' అన్న కేసు ఇంకా నడుస్తూనే ఉంది. మీ మేనల్లుడికి ముందస్తు బెయిలు వచ్చిందా? ఇంకా రాలేదా? అయితే డబ్బు మాట తర్వాత. సభ అయ్యాక ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని నా దగ్గరికి రండి, ముందు ఆ పని చూద్దాం.